ముందే చెప్పిన సాక్ష్యం

మా సంఘంలో సాక్ష్యం చెప్పాలంటే నా తర్వాతే ఎవరైనా అని ఒకప్పుడు పేరుండేది. ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును విశ్వాసులు లేచి నిలబడి నలుగురికీ చెప్పడం మా దగ్గర వాడుక. కొందరు లేచి ‘అందరికీ వందనాలు’ అంటారు, అక్కడితో ఆగి కూర్చుంటారు. నేను అలా కాదు. తలనొప్పి తగ్గిందని చెప్పినా వినేవాళ్ళు కళ్ళొత్తుకునేలా చెప్పేదాన్ని. రోజంతా మనుషులతో మాట్లాడే పని నాది. శంషాబాద్ బస్టాండు వెనక సందులో నాకో చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్ళ యూనిఫాంలు సైజు చేసిస్తాను. కంపెనీలు నాలుగైదు కొలతల్లో బట్టలిస్తాయి, మనుషులు ఆ నాలుగైదు కొలతల్లో పుట్టరు. ఆ తేడా మీదే నా తిండి.

ఆ పేరు పోయి రెండేళ్ళు దాటింది. ఎలా పోయిందో రాస్తున్నాను. రాయమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే రాసేదాన్ని కాదేమో, నా బుద్ధి అలాంటిది.

మా మందిరమంటే ఒక సాహెబు గారు కిరాయికిచ్చిన రేకుల గోదాము. మాకు ముందు అందులో సిమెంటు బస్తాలుండేవి. ఇప్పటికీ మూలలు ఊడిస్తే బూడిదరంగు దుమ్ము లేస్తుంది. నలభై మందిమి ఉంటాం. మీద నుంచి విమానం దిగేటప్పుడు పాస్టర్ గారు ప్రసంగం ఆపుతారు, అది వెళ్ళాక ఆగిన మాట దగ్గరే అందుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు తలలు పైకెత్తి చూస్తారు. మేం ఎత్తం.

మా వాళ్ళకు ఇంకో అలవాటుంది. జరిగిన మేలు చెప్పడం సరే, జరగాల్సిన మేలును కూడా జరిగిపోయినట్టే చెప్పేస్తాం. దాన్ని ‘విశ్వాసంతో పొందుకోవడం’ అంటాం. నిజంగా నమ్మినవాడు జరిగేదాకా ఆగడు, ముందే కృతజ్ఞత చెబుతాడు, అప్పుడు దేవుడు కాదనడు అని మా లెక్క. పాస్‌పోర్టు కూడా లేని ఒకాయన దుబాయ్ వీసా వచ్చేసిందని సాక్ష్యం చెబితే మందిరమంతా ‘స్తోత్రం’ అని ఊగిపోయింది. ఆయన ఇప్పటికీ కాటేదాన్‌లో ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీకే పోతున్నాడు. ఇలా చెప్పినవాటిలో జరిగినవి మాకు ఏళ్ళ తరబడి గుర్తుంటాయి. జరగనివి వారంలో మరిచిపోతాం.

మా ఆయన ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసేవాడు. నెమ్మదస్తుడు. నా నోటికీ ఆయన నెమ్మదికీ దేవుడే జోడీ కుదిర్చాడని అందరూ ఆటపట్టించేవారు. సెలవు దొరికిన సాయంత్రం బండి మీద హిమాయత్ సాగర్ కట్ట దాకా పోయి మిర్చి బజ్జీలు తినడం మా ఇద్దరి విలాసం. ఒక శుక్రవారం డ్యూటీ నుంచి వచ్చి, గడప దగ్గర బూట్ల లేసులు విప్పుతూ విప్పుతూ పక్కకు ఒరిగిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. పట్నంలో పెద్ద దవాఖానలో ఐసీయూలో పెట్టారు.

సంఘం నన్ను వదల్లేదు, అది చెప్పాలి. గంటకొకరు చొప్పున వంతులేసుకుని ప్రార్థన చేశారు. అన్నం డబ్బాలు తెచ్చారు. మా సంఘంలో పెద్దమ్మ అని అందరం పిలిచే ఒక ముసలావిడ ఉంది. చదువు రాదు. మోకాళ్ళ మీద కూర్చుందంటే రెండు గంటలు లేవదు. ఆమెకు దర్శనాలు వస్తాయని మాకు నమ్మకం. పదో రోజున ఆమె దవాఖాన మెట్ల మీద నా రెండు చేతులూ పట్టుకుంది.

“బిడ్డా, ప్రభువు నాకు చూపిచ్చిండు. నీ పెనిమిటి మంచం మీదికెల్లి లేశి నడుస్తుండు. తెల్లబట్టలేసుకున్నడు. నేను కండ్లార చూసిన. ఇగ నువ్వు బుగులు పడకు.”

ఆ ఆదివారం నేను మందిరానికి వెళ్ళాను. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. నువ్వు నోటితో ఒప్పుకో, నిలబడి చెప్పు, ముందే పొందుకో అన్నారు. నేను లేచాను. నా భర్తను దేవుడు స్వస్థపరిచాడు అన్నాను. వచ్చే ఆదివారం ఇదిగో ఈ చాప మీద నా పక్కన కూర్చుంటాడు అన్నాను. ఐసీయూ మంచం, ఆ గొట్టాలు, వాటన్నిటి మధ్య నుంచి ఆయన లేచి నడిచిన తీరు, అంతా కళ్ళకు కట్టినట్టు చెప్పాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. మగవాళ్ళు కూడా ఏడ్చారు. మధ్యలో ఒక్క క్షణం నాకు పొద్దున ఐసీయూ బయట తల అడ్డంగా ఊపిన డాక్టరు ముఖం గుర్తొచ్చింది. ఆ ముఖాన్ని పక్కకు తోసి మాట పూర్తి చేశాను.

అక్కడితో ఆగానా? వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక పెడుతున్నామని ప్రకటించాం. కందుకూరు దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే మా అన్నకు ఫోన్ చేశాను. మా పుట్టింటివాళ్ళు మందిరానికి రారు, వాళ్ళ దేవుళ్ళు వాళ్ళకున్నారు. “ఈసారి రావాలె అన్నా, బావ బాగైండు” అన్నాను. “మస్తు సంతోషం చెల్లె, తప్పకుంట వస్త” అన్నాడు.

మంగళవారం పదకొండు గంటలకు మా ఆయన చనిపోయాడు.

అన్న ఆదివారం రావాల్సినవాడు బుధవారమే వచ్చాడు. సమాధుల దగ్గర మా వాళ్ళు పాటలు పాడుతుంటే కండువా మెడలో వేసుకుని దూరంగా నిలబడ్డాడు. అంతా అయిపోయాక నా దగ్గరికొచ్చి, “ఏంది చెల్లె, బాగైండంటివి గదా?” అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. మా అన్నకు ఎత్తిపొడవడం రాదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. 

నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు, ఆయన పేరున సంఘం పెట్టిన ఆదరణ కూడికలోనూ రాలేదు. ఎంత నిబ్బరం, ఎంత విశ్వాసం అని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. దుకాణంలో సూది వేలిలో దిగితే, తెల్ల చొక్కా మీద ఎర్ర చుక్క చూశాకే దిగిందని తెలిసేది. టీ పొగలు కక్కుతున్నా అలాగే తాగేసేదాన్ని. రాత్రి మోకాళ్ళ మీద కూర్చుంటే గోడకున్న పగులు కనబడేది, అంతే. కాసేపు ఆ పగులు చూసి లేచేదాన్ని. నేను చెప్పిన సాక్ష్యం గురించి సంఘంలో ఒక్కరూ ఒక్క మాట ఎత్తలేదు. అసలు ఆ ఆదివారమే రానట్టు ఉన్నారు. పెద్దమ్మ నన్ను చూస్తే దారి మార్చుకునేది. నా విశ్వాసానికే ఎక్కడో చిల్లు పడిందని కొందరు అనుకున్నారట. వాళ్ళనేమి అనగలను? నేనూ అదే అనుకున్నాను. చెబుతూ చెబుతూ డాక్టరు ముఖం తలుచుకున్నానే, ఆ ఒక్క క్షణం వల్లే పోయాడా అని. ఆ ప్రశ్న అడగడానికి కూడా నా లోపల ఎవరూ లేరు. అది అలా పడి ఉండేది.

అయినా ఆదివారాలు మందిరానికి వెళ్ళడం మానలేదు. ఎందుకంటే, మానేసి ఇంట్లో కూర్చోవడానికి కూడా ఏదో ఒక ఉత్సాహం కావాలి కదా.

మా పాస్టర్ గారు పాస్టర్ కాకముందు కాటేదాన్‌లో లేత్ మిషన్ మీద ఇరవై ఏళ్ళు ఇనుము కోసిన మనిషి. నాకు అన్న వరస. మా ఆయన భూస్థాపన అయ్యాక పాస్టర్ గారు రెండు ఆదివారాలు ప్రసంగమే చేయలేదు. వాక్యం చదివి, పాటలు పాడించి పంపేశారు. మూడో ఆదివారం బల్ల ముందుకొచ్చి నిలబడి, మామూలు గొంతుతో మాట్లాడారు.

“తప్పు నాది. ఆ ఆదివారం నేను గిక్కడనే కూసున్న. చెల్లె నిలబడి చెప్తుంటే ఆపాల్నని తెల్సు. ఆపలే. అందరు ఏడుస్తుంటే నాకు సుత మంచిగనిపిచ్చింది, నేను సుత స్తోత్రం అన్న. గిన్నేండ్లు ప్రార్థన నేనే చేసిన, పరామర్శ నేనే చేసిన, ఫ్యాన్ స్విచ్ సుత నేనే ఏసిన. మిమ్ముల కూసోబెట్టిన. దేవుడు సంఘానికి కాపరిని ఇచ్చింది అన్ని పనులు ఆయనే చేసిపెట్టనీకె కాదు, మీకు పని నేర్పనీకె. నేర్పకపోతే మీరెప్పటికి పసిపిల్లలే. ఏ గాలి కొడితే అటు పోతరు. మొన్న అందరం గట్లనే పోయినం.”

ఎవరూ స్తోత్రం అనలేదు.  నాకు మాత్రం, ఇన్నాళ్ళకు ఒకరు ఆ ఆదివారాన్ని పేరుపెట్టి అన్నారు కదా అనిపించింది. అనిపించింది అనడం కూడా ఎక్కువే. విన్నాను.

ఆ వారం నుంచి శనివారం మధ్యాహ్నాలు తరగతి మొదలైంది. ఎనిమిది మందిని పిలిచారు, అందులో నేనొకదాన్ని. ఆయన నేర్పే పద్ధతి లేత్ దగ్గర కొత్త పనివాడికి నేర్పే పద్ధతే. “మొదలు నేను చేస్త, నువ్వు చూడు. ఆనక నువ్వు చెయ్, నేను చూస్త. తర్వాత నువ్వు ఒక్కదానివే చెయ్. ఇగ అప్పుడు ఇంకొకరికి నువ్వు నేర్పు.” ప్రార్థన నడిపించడం, పిల్లలకు కథ చెప్పడం, వాక్యం చదివి నాలుగు మాటల్లో విప్పడం, జబ్బుపడ్డవాళ్ళ ఇంటికి వెళ్ళడం, అన్నీ ఇలాగే. ఎవరికి ఏ పని చేతనవుతుందో ముందు చూసేవారు. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో వరం ఇచ్చాడు, ఆ వరం వాళ్ళ సొంతానికి కాదు, పక్కవాళ్ళకు ఆసరా కావడానికి అనేవారు.

నా వంతు వచ్చినప్పుడు, “నోరు తెరిచే పని నాకొద్దన్నా” అన్నాను.

“వద్దులే. చాపలెయ్” అన్నారు.

అలా ఎనిమిది నెలలు చాపలు పరిచాను, చుట్టాను. పని చిన్నదే కానీ కోపం తెప్పించడంలో పెద్దది. పసిపిల్లల తల్లులు తడి చాపను తడిగానే చుట్టేసి పోతారు. ఒకావిడ ప్రతి ఆదివారం చాప అంచు పీకుతూ ప్రసంగం వింటుంది, ప్రసంగం బాగున్న రోజు మరీ ఎక్కువ పీకుతుంది. అంచులకు గుడ్డ పట్టీలు వేసి కుట్టి తెచ్చాను. ఆమె పట్టీలు కూడా పీకింది. నాలుగు మాటలన్నాను. కోపమైతే వచ్చేది, అదేమిటో. మిగతావేవీ వచ్చేవి కావు.

ఒక శనివారం పాస్టర్ గారు సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పారు. ఇంటి నుంచి గుడ్డలో చుట్టి ఒక ఇనుప కొలబద్ద తెచ్చారు, లేత్ మీద తయారైన పీసు మందాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచేది. వాళ్ళ షాపులో ఒకతను పది పీసులు కొలిచి, మిగతా తొంభైకి కూడా అదే కొలత రాసిపారేశాడట. ఆ వంద పీసులూ వెనక్కొచ్చాయట. “పీసు చేతిల లేకుండ కొలత రాయొద్దు. దేవుడు చేసింది చెప్పుండ్రి. చెయ్యాల్నని అడుగుండ్రి. చెయ్యకముందే చేసిండని చెప్తే అది విశ్వాసం కాదు, దొంగ కొలత” అన్నారు. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన పడిన అవస్థ నాకు కనబడింది. ఇందులో కొత్తేముంది, టేపు పెట్టకుండా గుడ్డ మీద కత్తెర పెట్టే టైలర్ ఉంటుందా అనుకున్నాను. అంత చిన్న విషయం ఆ ఆదివారం నలభై మందిలో ఒక్కరికీ తట్టలేదు, కత్తెర పట్టిన నాకు కూడా.

తర్వాత ఆయన నన్ను చాపల నుంచి లేపి పరామర్శ పనికి వేశారు, పెద్దమ్మకు జోడీగా. కావాలనే వేశారని నాకు తెలుసు. “ఆమె చేస్తది, నువ్వు చూడు” అన్నారు. చూశాను. ముసలావిడ దర్శనాల సంగతి అటుంచితే, చేతులు మంచివి. మంచాన పడ్డ ఒకామె తల చిక్కు తీసి జడ వేసింది. మరొకాయన కాలి గోళ్ళు కత్తిరించింది. ప్రార్థన చివర్లో, అదీ కొంచెమే. మా ఇద్దరి మధ్య మాటల్లేవు. మూడు నెలలు అలా పక్కపక్కనే నడిచాం. ఒకరోజు సర్వీసు రోడ్డు దాటడానికి నిలబడ్డప్పుడు, లారీల వైపు చూస్తూ తనే అంది.

“నేను అబద్ధం చెప్పలే బిడ్డా. లేశి నడిచింది నిజంగనే చూసిన. ఎటు దిక్కు నడుస్తుండో చూడలే. చూసినంత చెప్పి ఊకోవాలె. మిగతాది నేనే కలిపిన.”

 క్షమించానని నేను అనలేదు, ఎందుకంటే క్షమించలేదు. రోడ్డు ఖాళీ అయింది. ఆమెకు కళ్ళు సరిగ్గా ఆనవు, చెయ్యి పట్టుకుని దాటించాను.

మా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పాతికేళ్ళుంటాయి. పొద్దున్నే కూరగాయలు తెచ్చి రోడ్డు పక్కన అమ్ముకుంటుంది. భర్త డ్రైవరు, సంఘానికి డోలక్ వాయించేవాడు. అతనికి జ్వరం వచ్చింది, నాలుగు రోజుల్లో ఊపిరితిత్తులకు పాకింది, వెంటిలేటర్ మీద పెట్టారు. శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల మా దుకాణానికొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా స్టూలు మీద కూర్చుంది.

“అక్కా, రేపు సాక్ష్యం చెప్పమంటున్నరు. బాగైండని నిలబడి చెప్పు, పొందుకో అంటున్నరు. తరగతిల వద్దన్నరు గదా అంటే, తరగతి వేరు, నీ మొగని పాణం వేరు అంటున్నరు.”

నేను ప్యాంటు అంచు కుడుతున్నాను. మిషన్ ఆపలేదు.

“చెప్పకపోతే నాకు విశ్వాసం లేదంటరు” అంది. “రేపేమన్న అయితే, చెప్పకపోవట్టికే పోయిండంటరు. నేను సుత గట్లనే అనుకుంటనేమో. నువ్వు చెప్పక్కా, చెప్పాల్నా వద్దా?”

అప్పుడు మిషన్ ఆపాను. సంవత్సరం పైన నేను ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. దానికి నొప్పీ లేదు, ఏమీ లేదు, బీరువాలో వస్తువు తీసిచ్చినట్టు తీసిచ్చాను.

“నేను చెప్పిన. చెప్పినా పోయిండు. చెప్పంగ ఒక్కసారి అనుమానమొచ్చింది, దానివల్లనే పోయిండని గిన్ని దినాలు అనుకున్న. నువ్వు చెప్పినా గంతే, చెప్పకున్నా గంతే. నీకు తెల్సింది చెప్పు, తెల్వనిది చెప్పకు. నేను పక్కన నిలబడ్త.”

ఆ చివరి మాట ఎందుకన్నానో తెలియదు. నోరు జారింది. ఆ పిల్ల వెళ్ళిపోయాక చూసుకుంటే, ప్యాంటు అంచు తిరగేసి కుట్టాను. విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

మర్నాడు పాటలయ్యాక ఆ పిల్ల లేచింది. నేనూ లేచి పక్కన నిలబడ్డాను. ఆడవాళ్ళు ముందే ‘స్తోత్రం, స్తోత్రం’ అని అందుకున్నారు. నేను చెయ్యెత్తి ఆపమన్నాను. ఆగారు. నా ముఖం అలా ఉందేమో.

“నా మొగడు మిషన్ మీద ఉన్నడు” అంది ఆ పిల్ల. “బతుకుతడో బతకడో డాక్టర్లకు తెల్వదంట. నాకు సుత తెల్వది. ప్రభువును బతికియ్యమని అడుగుతున్న. మస్తు బుగులైతుంది. ఇగ గంతే.”

మా మందిరంలో అంత చప్పగా ఎవరూ సాక్ష్యం చెప్పలేదు.  వెనక వరసలో ఒకావిడ “అట్లనొద్దమ్మా” అని మొదలుపెట్టింది. పెద్దమ్మ వెనక్కి తిరిగి, “ఊకో” అంది. అంతే, ఒక్క మాట. అప్పుడు పాస్టర్ గారు లేచి, “దవాఖానల ఈ బిడ్డ పక్కన ఎవరెవరు ఎప్పుడు కూసుంటరో చెప్పుండ్రి” అన్నారు. చేతులు లేచాయి. పిల్లలకు కథలు చెప్పే ఆయన సోమవారం అన్నాడు. చాప అంచులు పీకే ఆవిడ కూరగాయల బండి తను చూసుకుంటానంది. నాకూ పెద్దమ్మకూ మంగళ, గురువారాలు పడ్డాయి. ఆ ఆదివారం దాకా నలభై మందిమి స్తోత్రం అనేవాళ్ళం. ఆ రోజు పని పంచుకున్నాం.

మా వంతు రోజుల్లో వెయిటింగ్ హాల్లో ఇనుప కుర్చీల మీద కూర్చునేవాళ్ళం.  పెద్దమ్మ ఆ పిల్ల అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఒత్తేది. నేను అన్నం కలిపి ముద్దలు చేసి చేతిలో పెట్టేదాన్ని. దర్శనం ఏమన్నా వచ్చిందా అని ఆ పిల్ల ఒకసారి అడిగింది. “లేదు బిడ్డా, ఏం రాలే” అంది పెద్దమ్మ. అలా అనడానికి ఆమెకు ఎంత బలం కావాల్సి వచ్చిందో నేను పక్కనుండి చూశాను.

పదమూడో రోజున నేను దుకాణంలో ఉండగా ఫోన్ వచ్చింది. “అక్కా, గొట్టం తీసేసిండ్రు! నీళ్ళు తాగిండు, నా పేరు పట్టి పిలిచిండు!”

దేవుడికి స్తోత్రం అన్నాను. ఫోన్ పెట్టేశాను. లోపల ఏదో కదిలింది. ఏడాదిన్నర తర్వాత మొట్టమొదటిసారి. ఏమిటా అని చూసుకుంటే అది సంతోషం కాదు. ఈర్ష్య. దాచను, పచ్చి ఈర్ష్య. ఆ పిల్ల మొగుడెందుకు, నా మొగుడెందుకు కాదు అని.  షట్టర్ సగం దించి, బట్టల గుట్ట ముందు నేల మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ ఏమీ లేదే అని బాధపడ్డానుగా, వచ్చినది ఇదా అని సిగ్గేసింది.

నెలన్నర తర్వాత అతన్ని మందిరానికి తీసుకొస్తున్నారని తెలిసింది. ఆ ఆదివారం కృతజ్ఞత కూడిక. అప్పటికి మా దగ్గర ఏ వారం ఎవరు ప్రార్థన నడిపించాలో కాగితం రాసి గోడకు అంటిస్తున్నారు. ఆ వారం నా పేరుంది. ఆ పేరు పడ్డప్పుడు ఈ సంగతి ఎవరికీ తెలియదు. నేను శనివారమే పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళాను.

“అన్నా, రేపు నాతోని కాదు. ఇంకొకరికియ్యి.”

“ఎందుకు?”

“ఆయన బతికిండంటే నాకు మండుతుంది” అన్నాను. అలాగే అన్నాను.

 “నీ ఇష్టం చెల్లె. ఇయ్యమంటే వేరేటోళ్ళకిస్త. కానీ చేస్తే మాత్రం ఉన్నది చెప్పు, లేనిది చెప్పకు” అన్నారు.

ఆ రాత్రి ఎవరికివ్వాలా అని ఎనిమిది పేర్లూ తలుచుకున్నాను. అందరూ బాగా చేస్తారు. అదే నాకు నచ్చలేదు, బాగా చెప్పిన మాటలో ఉన్నదంతా ఉండదని నాకు తెలుసు. తెల్లారి చీర కట్టుకుని వెళ్ళాను.

అతను సగం మనిషయ్యాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. అలవాటు కొద్దీ రెండు వైపులా ఎంత పట్టాలో కంటితోనే కొలిచాను. భార్య భుజం పట్టుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు. తను బతికాడని చెప్పాడు, అదొక్కటే చెప్పాడు. అందరూ ఏడ్చారు. తర్వాత పాస్టర్ గారు నా వైపు చూశారు. నేను వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను. నలభై మందీ లేచి కళ్ళు మూసుకున్నారు.

“ప్రభువా, ఈయనను బతికించినావు. నీకు వందనాలు” అన్నాను. “ఈ పిల్ల కష్టం చూసినావు. నీకు వందనాలు. మాకు ఒకరి పక్కన ఒకరం కూర్చోవడం నేర్పినావు. వందనాలు.” ఇక్కడి దాకా వచ్చింది. ఇవన్నీ ఉన్నవే. తర్వాత ముగించొచ్చు. యేసు నామంలో అని ఒక్క మాట అంటే అయిపోతుంది. అనలేకపోయాను. ఉన్నది ఇంకా ఉంది.

“నా మనిషిని బతికించలేదు” అన్నాను. “ఎందుకో చెప్పలేదు. దానికి నేను వందనాలు చెప్పలేను.”

ఆ తర్వాత గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, నాదని నాకే తెలియలేదు. ఏడుపు. అప్పుడొచ్చింది. నిలబడ్డచోటే వంగిపోయాను. ప్రార్థన ముగియలేదు. మా దగ్గర ప్రార్థన చేసేవాళ్ళు తడబడితే పాస్టర్ గారు గట్టిగా అందుకుని తనే ముగించడం అలవాటు. ఆ రోజు ఆయన అందుకోలేదు. ఆడవాళ్ళు పాట ఎత్తుకోలేదు. స్తోత్రం అని ఎవరూ నా నోరు మూయలేదు. ఒక్కసారి తలెత్తి చూశాను. జబ్బు నుంచి లేచి, నిలబడటానికే శక్తిలేని ఆ డోలక్ అబ్బాయితో సహా అందరూ కళ్ళు మూసుకుని, నా ప్రార్థన ఇంకా అయిపోలేదన్నట్టు నిలబడి ఉన్నారు. నేను ఏడ్చినంతసేపూ అలాగే నిలబడ్డారు.